ఆరని జిగురు

చనిపోయినవాడి చొక్కా కాలరు మీద డిటెక్టివ్ కందిరీగ బొటనవేలు ఆనించి తీసింది. వేలి వెంట సన్నటి తీగ సాగింది. ఆమెకు ఒళ్లంతా కంపరమెత్తింది. రుమాలుతో ఎంత రుద్దినా ఆ జిడ్డు వదల్లేదు. స్టేషన్ గోడ మీది గడియారం ఉదయం తొమ్మిదిన్నర చూపిస్తోంది. మనిషి చచ్చిపోయింది నిన్న మధ్యాహ్నం. ఇరవై గంటలు దాటినా చొక్కా మీది జిగురు ఇంకా ఆరలేదు.

“సాక్ష్యాన్ని అలా ముట్టుకోకూడదు వదినా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, కుర్చీలోంచి లేవకుండానే.

“నువ్వు ముట్టుకోకుండానే కేసు తేల్చేశావుగా అబ్బాయ్. ఎవరో ఒకరు ముట్టుకోవాలి కదా.”

అతను ఆమె భర్తకు సొంత తమ్ముడు. ఇంటికొస్తే ఆమె చేతి టీ రెండు కప్పులు తాగి, పొగిడి మరీ వెళతాడు. స్టేషన్‌లో మాత్రం ఆమె గొంతు వినపడితే చాలు, ముఖం మాడ్చుకుంటాడు. ఆమె ఇదే శాఖలో పన్నెండేళ్లు పనిచేసి, ఒక పెద్దాఫీసరు బల్ల మీద రాజీనామా కాగితం పడేసి బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అప్పటి నుంచీ అతను మూసేసిన కేసుల్లో మూడింటిని మళ్లీ తెరిపించింది. కందిరీగ అన్న పేరు ఆమెకు పెట్టింది అతనే. ఇప్పుడు ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

ఈ కేసు అతని దృష్టిలో కేసే కాదు. ఒక పాత ఆసుపత్రి, నేల కింద సెల్లారు, పైన మూడంతస్తులు. మొదటి అంతస్తులో కొత్తగా బండెడు బరువున్న స్కానింగ్ యంత్రం పెట్టబోతున్నారు. అందుకని సెల్లారులోని పన్నెండు స్తంభాలకూ బలం కట్టిస్తున్నారు. కార్బన్ పీచుతో నేసిన నల్లటి గుడ్డని జిగురులో తడిపి, స్తంభం చుట్టూ బిగించి చుడతారు. జిగురు గట్టిపడ్డాక ఆ గుడ్డ ఉక్కు పట్టీలా పట్టేస్తుంది. ఆ పని సరిగా జరిగిందో లేదో చూడడానికి వచ్చిన పరీక్షల ఇంజినీరు తొమ్మిదో స్తంభం దగ్గర తల పగిలి పడి ఉన్నాడు. కొట్టింది అతను తెచ్చుకున్న యంత్రంతోనే, ఐదు కిలోల ఉక్కు. శవం కింద జిగురు కలిపే ఆవిడ చేతితొడుగు దొరికింది, జిగురు ఓడుతూ. అంతకు కాసేపటి ముందే ఇంజినీరు అందరి ముందూ ఆవిణ్ణి నానా మాటలూ అన్నాడని ఏడుగురు పనివాళ్లు చెప్పారు. ఇంకేం కావాలి? సాయంత్రం నాలుగింటికి ఆవిణ్ణి కోర్టులో హాజరుపరిచి జైలుకు పంపిస్తే ఇన్‌స్పెక్టర్ చేతులు దులిపేసుకోవచ్చు.

కందిరీగని ఇందులోకి లాగింది ఆవిడ అత్తగారు. తెల్లారేసరికి వచ్చి ఆఫీసు గుమ్మంలో కూర్చుంది. ముందు కోడల్ని కడుపారా తిట్టింది. వట్టి చాదస్తం మనిషట. ఉప్పు కూడా చెంచా అంచుకు సమంగా గీకి వేస్తుందట. టీలో పంచదారకూ కొలతేనట. ఆ కొలతలు పడలేక కొడుకు ఇల్లు వదిలి పోయాడు గానీ తాను మాత్రం కోడల్ని వదల్లేదట. “అది మనిషిని కొట్టాలన్నా ముందు బరువు తూచుకుంటుందమ్మా. ఈలోగా వాడు ఇంటికెళ్లిపోతాడు,” అని నవ్వబోయి ఏడ్చేసింది. కోడలు జైలుకు పోతే ఇంట్లో మిగిలేది తానూ, ఆరేళ్ల మనవరాలూ.

లాకప్ గదిలో ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుంది. ముప్పై దాటని మనిషి. గోళ్ల చుట్టూ చర్మం ఎండిపోయి పగుళ్లు బారింది. కందిరీగ అడిగినవాటికి ఆవిడ ఎక్కువా తక్కువా లేకుండా జవాబులిచ్చింది. పెద్ద డ్రమ్ములో ఉండేది జిగురు. చిన్న డబ్బాలో ఉండేది దాన్ని గట్టిపరిచే హార్డెనర్. రెండు పాళ్లకు ఒక పాలు, తూకం వేసి కలపాలి. కలిపాక అరగంటలో వాడెయ్యాలి, లేదంటే డబ్బాలోనే వేడెక్కి రాయైపోతుంది. ఆరేళ్లుగా ఇదే పని. తాను కలిపింది తెల్లారేసరికి గోరు దిగకుండా ఉంటుంది తప్ప, ఒక్కసారి కూడా జిడ్డుగా మిగల్లేదు. నిన్న పన్నెండున్నరకు పని ఆపి, తొడుగులు డ్రమ్ము పక్కన పెట్టి, అందరితోపాటే పైకి వెళ్లింది. అవమానంగా ఉండి ఇసక కుప్ప వెనక ఒక్కతే కూర్చుంది. ఒంటిగంటా ఇరవై ఐదుకి అందరికంటే ముందు దిగింది. శవాన్ని చూసి కేక పెట్టింది తనే.

“ఆయన తిట్టింది నిన్నేనా?” అని అడిగింది కందిరీగ.

“నన్ను కాదండీ. పరీక్షకు గుడ్డ మీద అంటించి లాగిన ఇనుప బిళ్ళ ఊడి రాగానే, దీన్ని ఇలా చుట్టడానికి చేతులెలా వచ్చాయి అని అరిచారు. అందరూ నా వైపు చూశారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, నీ జిగురు గట్టిదేనమ్మా, లోపలే ఏమీ లేదు అన్నారు. బిళ్ళ తిప్పి చూపించారు. ఇటుకపొడిలా ఎర్రగా రాలింది.”

“అది ఇంకెవరైనా చూశారా?”

“లేదండీ, నేనొక్కదాన్నే. బిళ్ళ ఆయన జేబులో వేసుకున్నారు.”

“మరి ఇది పోలీసులకు చెప్పలేదా?”

“తిట్టాడా లేదా అని అడిగారండీ. తిట్టారు అన్నాను. అంతవరకే రాసుకున్నారు.”

కందిరీగకు చిర్రెత్తుకొచ్చింది. నేరుగా ఇన్‌స్పెక్టర్ గదిలోకి వెళ్లి, శవం జేబులో దొరికిన వస్తువుల పట్టీ అడిగి చదివింది. పెన్ను, కళ్లద్దాల పెట్టె, బండి తాళం ఉన్నాయి. బిళ్ళ లేదు. ఆ సంగతీ, ఆవిడ చెప్పిన సంగతీ అతని ముందు గడగడా అప్పజెప్పింది. అలా గొంతు చించుకుని చెప్పి ఉండకూడదని రెండు గంటలు తిరక్కముందే తెలుసుకుంది.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. జిగురు ఇంకా ఆరలేదంటే అది కలపడం రానిదనేగా అర్థం, ఇంజినీరు తిట్టిందీ అందుకేగా, వదిన తెచ్చిన సాక్ష్యం తన కేసుకే బలం కదా అన్నాడు. మాట బాగానే ఉంది. ఎవరైనా నమ్ముతారు. కందిరీగ సంచీ భుజాన వేసుకుని లేచింది.

“ఆవిడ కలిపిన జిగురు ఆ స్తంభాల మీదుంది. అది ఆరిందో లేదో నా వేలితో నొక్కి చూసొస్తాను. పదకొండున్నర దాటాక నువ్వూ అక్కడికి రా. అప్పుడు నవ్వుదువుగాని.”

ఆసుపత్రి వెనక బండ్లు దిగే వాలు దారి ఉంది. సెల్లారులోకి అదొక్కటే నడక దారి. దాని తలుపు దగ్గర స్టూలు మీద కాపలావాడు కూర్చున్నాడు. ఆమె అతని రిజిస్టరు తీసుకుని నిన్నటి పేజీ చూసింది. పన్నెండూ పదికి ఇంజినీరు లోపలికి. పన్నెండున్నరకు ఎనిమిది మంది పనివాళ్లు బయటికి. ఒంటిగంటా ఇరవై ఐదుకి ఒక ఆడమనిషి లోపలికి. మధ్యలో ఎవరూ లేరు. కానీ కిందుగా వేరే రంగు సిరాతో, పన్నెండూ యాభై నుంచి ఒంటిగంట దాకా మంచినీళ్లకు వెళ్లాను అని ఇరికించి రాసి ఉంది.

అది ఎప్పుడు రాశావని ఆమె అడిగింది. అప్పుడే అన్నాడు. అప్పుడు నల్ల పెన్ను, దీనికి నీలం పెన్ను ఎందుకని అడిగింది. సాయంత్రం కానిస్టేబుల్ వచ్చి, మధ్యలో ఎప్పుడైనా లేచి వెళ్లావేమో గుర్తుచేసుకో అన్నాడట. గుర్తులేదన్నాడట. గుర్తుచేసుకుంటే మంచిది అన్నాడట. గుర్తొచ్చిందట.

“నిజంగా లేచావా?”

“లేదమ్మా. నీళ్ల సీసా నా పక్కనే ఉంటుంది.”

మనిషి ప్రాణం మీదికి వచ్చే అబద్ధాన్ని పెన్ను మార్చి రాసినంత తేలిగ్గా రాసేశాడు. తప్పుచేశానన్న బెరుకు కూడా లేదు ముఖంలో. ఆమె ఆ పేజీని ఫోటో తీసుకుని, అతనితో ఇంకో మాట మాట్లాడబుద్ధి కాక లోపలికి దిగిపోయింది.

సెల్లారు కంపు కొడుతోంది. పై అంతస్తు మరుగుదొడ్ల గొట్టం ఎక్కడో కారి, గోడ వెంట పచ్చటి చార కట్టింది. పనివాళ్లను పోలీసులు రావద్దన్నారు కాబట్టి ఎవరూ లేరు. నల్లటి గుడ్డ చుట్టిన పన్నెండు స్తంభాలు రెండు వరసల్లో నిలబడి ఉన్నాయి. చూడ్డానికి కొత్త బట్టలు కట్టుకున్నట్టు నిగనిగలాడుతున్నాయి.

ఆమె ముందు ఒకటో స్తంభాన్ని గోటితో నొక్కింది. గోరు విరిగేలా ఉంది గానీ దిగలేదు. రెండు, మూడు, నాలుగు, అన్నీ అంతే. ఆవిడ నిన్న పొద్దున చివరిగా పూసిన పన్నెండో స్తంభం కూడా గాజులా గట్టిపడింది. కలపడం రానిదన్న ఇన్‌స్పెక్టర్ మాట అక్కడే తేలిపోయింది.

తర్వాత పర్సులోంచి ఒక నాణెం తీసి స్తంభాల మీద తట్టడం మొదలుపెట్టింది. లోపల గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది, డొల్లగా ఉంటే డబడబలాడుతుంది. ఈ పని చేసేవాళ్లందరూ చేసే పరీక్షే ఇది. ఒకటి, రెండు, మూడు ఠంగుమన్నాయి. నాలుగోది డబ్బుమంది. ఏడూ అంతే. పదీ అంతే. తొమ్మిదో స్తంభం మీద ఎక్కడ తట్టినా పుచ్చిన చెక్కపెట్టెను తట్టినట్టుంది.

ఆ తొమ్మిదో స్తంభానికే భుజం ఎత్తులో అరచేతంత నల్ల గుడ్డ ముక్క విడిగా అతికించి ఉంది. పరీక్ష చేసేటప్పుడు గుడ్డ మీద ఒక ఇనుప బిళ్ళను అంటించి, యంత్రంతో లాగుతారు. బిళ్ళతోపాటు గట్టి కాంక్రీటు పెచ్చు తెగి రావాలి, అదీ బోలెడంత బలం పెట్టాక. అప్పుడు అక్కడ చిన్న గుంట మిగులుతుంది. ఆ గుంటను ఎవరో కప్పేశారు. కందిరీగ ఆ ముక్క అంచును వేలితో తోసింది. పాలమీగడలా పక్కకు జారింది. దాని కింద జిగురు ఇంకా తడితడిగా, జిడ్డుగా ఉంది. చొక్కా మీద ఉన్నదే ఇది.

గుంటలోకి స్క్రూడ్రైవర్ పెట్టి నెట్టింది. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే ఎర్రటి తుప్పూ, బూడిదలాంటి పొడీ జలజలా రాలి ఆమె చెప్పుల మీద పడ్డాయి. లోపలి ఇనుప చువ్వలు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయి ఉన్నాయి. ఇలాంటి స్తంభానికి ముందు కుళ్లిన భాగమంతా చెక్కి పారెయ్యాలి. తుప్పు గీకాలి, కొత్త గార నింపాలి. అది గట్టిపడ్డాకే గుడ్డ చుట్టాలి. ఇక్కడ ఏదీ చేయలేదు. కుళ్లును కుళ్లులాగే ఉంచి, పైన ఖరీదైన గుడ్డ బిగించారు. పైన అరవై మంచాలున్నాయి, వాటి మీద మనుషులున్నారు. ఆమె అక్కడే ఉమ్మేసి, నోరు తుడుచుకుంది.

సెల్లారు చివర లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తెల్లకోటు వేసుకున్న పెద్ద డాక్టరు వచ్చాడు. ఆసుపత్రి ఆయనదే. వయసు అరవై ఉంటుంది, ముఖంలో ఎప్పుడూ ఒక చిరునవ్వు. ఆమెను చూసి నొచ్చుకున్నట్టు తల ఆడించాడు. తన కప్పు కింద ఇంత ఘోరం జరిగిందని రాత్రి కునుకు పట్టలేదట. ఆ ఇంజినీరు ఎంతో మంచివాడట. ఆ కూలి మనిషి మీద తనకు కోపం కూడా లేదట, జాలేనట.

నిన్న ఆ సమయంలో లిఫ్టులోంచి ఎవరైనా దిగి ఉండొచ్చా అని కందిరీగ అడిగింది. ఆయన గట్టిగా తల అడ్డంగా ఊపాడు. పనివాళ్లు లిఫ్టు పాడుచేయకుండా సెల్లారుకు తాళం పెట్టించాడట. తాళంచెవి తిప్పితే తప్ప లిఫ్టు ఇక్కడికి రాదు, ఇక్కడి నుంచి పోదు. రెండు తాళంచెవులున్నాయి. ఒకటి కాంట్రాక్టరు దగ్గర ఉండేది గానీ, అతను నాలుగు రోజులుగా ఊళ్లో లేడు, వెళ్లేముందు ఇచ్చేసి వెళ్లాడు.

“రెండూ నా జేబులోనే ఉన్నాయమ్మా. కాబట్టి వచ్చినవాళ్లు ఆ వాలు దారిలోనే వచ్చారు. మీరిక వేరే దారి వెతుక్కునే శ్రమ పడొద్దు.”

“ఈ స్తంభాలు చెక్కకుండా గుడ్డ చుట్టమని ఎవరు చెప్పారు?”

“అవన్నీ నాకేం తెలుసు? పని జరిగేటప్పుడు శబ్దం లేకుండా, దుమ్ము లేకుండా చూసుకోమన్నాను. పైన రోగులున్నారు కదా. వాళ్లను పంపించేసి ఆసుపత్రి మూసుకోమంటారా?”

“చీము తియ్యకుండా పుండుకు కట్టు కడతారా డాక్టర్‌గారూ మీరు?”

ఆయన చిరునవ్వు చెదరలేదు. తాను ఇంజినీరు కాదని, ఎవరి వృత్తి వాళ్లదని నెమ్మదిగా చెప్పాడు. ఆ నెమ్మది చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోయింది. మాటలో ఎక్కడా తొట్రుపాటు లేదు, కళ్లలో ఎక్కడా తడి లేదు. ఆయన గడియారం చూసుకున్నాడు. ఒక రోగి పైన ఎదురుచూస్తోందన్నాడు. గోడ మీది పెట్టెలో తాళంచెవి పెట్టి తిప్పి, మోచేత్తో మీట నొక్కాడు. లిఫ్టు ఆయన్ని మింగేసి పైకి పోయింది. అప్పుడు పదకొండూ ముప్పై ఐదు.

ఇన్‌స్పెక్టర్ పదకొండూ నలభైకి వచ్చాడు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. ఆమె అతని వేలు పట్టుకుని పన్నెండో స్తంభం మీద నొక్కించింది. తర్వాత తొమ్మిదో స్తంభం మీది జారిన ముక్క కింద పెట్టించింది. అతను వేలు వెనక్కి లాక్కుని ప్యాంటుకు రుద్దుకున్నాడు.

“ఒకే మనిషి కలిపితే ఒకటి రాయిలా ఉండి, ఇంకోటి మీగడలా ఎందుకుంది?” అంది.

“తొందరలో తప్పు కలిపి ఉంటుంది.”

“తప్పు కలిపింది కాదు. అసలు కలపనిది. పెద్ద డ్రమ్ములోంచి నేరుగా ముంచారు. హార్డెనర్ చుక్క కూడా లేదు. అందుకే ఇది ఆరలేదు, ఏడాదైనా ఆరదు. డ్రమ్ములో ఉన్నదే మొత్తం జిగురు అనుకునేవాడు చేసిన పని. ఇక్కడి ఎనిమిది మందిలో ఏ ఒక్కరిని లేపి అడిగినా ఆ చిన్న డబ్బా సంగతి చెబుతారు. ఈ పనిలో ఎప్పుడూ చెయ్యి పెట్టనివాడే తొడుగుకు ఇది పూసి, చొక్కా మీద చల్లి, గుంట కూడా దీనితోనే మూశాడు.”

అతను ఒప్పుకోలేదు. కేసు చేయి జారుతుంటే అతనికి పౌరుషం ముందొస్తుంది. కాపలావాడు పది నిమిషాలు లేడుగా అన్నాడు. ఆమె ఫోన్‌లో నీలం సిరా గీత చూపించింది. అది తన కానిస్టేబుల్ అత్యుత్సాహం అన్నాడు. వదినకి ఎప్పుడూ తన పరువు తీయడమే పనన్నాడు. ఇంటి కోపం స్టేషన్‌లో చూపించొద్దన్నాడు.

“ఇంటి సంగతి ఇంట్లో మాట్లాడుకుందాం. మీ అన్నయ్య ముందే మాట్లాడుకుందాం. ఆరేళ్ల పిల్ల తల్లిని జైలుకు తోసెయ్యడానికి నీకు నీలం పెన్ను గీత ఒకటి సరిపోయిందా? నీ మీద నాకు కోపం కాదు, రోత పుడుతోంది.”

అతను తలదించుకున్నాడు. తర్వాత అతను గుంట దగ్గరికి వెళ్లి, రాలిన పొడిని బూటుతో కదిపి చూశాడు. ఇది ఎంతవరకూ ఉందని అడిగాడు. నాలుగు స్తంభాలని చెప్పింది. పై వార్డులు ఇప్పుడే ఖాళీ చేయించాలని, ఈలోగా ఇనుప జాకీలు తెప్పించి కప్పు కింద ఊతం పెట్టించాలని చెప్పింది. అతను ఫోన్ తీసి ఫైర్ ఆఫీసుకు కబురు చేశాడు. గొంతులో ఇందాకటి బింకం లేదు.

“సరే వదినా, పని తెలియనివాడే అనుకుందాం. ఎవడు వాడు? ఎలా వచ్చాడు?”

కందిరీగ అప్పటికే లిఫ్టు వైపు చూస్తోంది. ఇందాకటి నుంచీ ఆమె బుర్రలో ఒకటి తొలుస్తోంది. ఆ డాక్టరు తాళంచెవిని వేళ్లతో తీశాడు, వేళ్లతోనే తిప్పాడు. మరి మీటను మాత్రం మోచేత్తో ఎందుకు నొక్కాడు? శుభ్రం పాటించే మనిషైతే రెండూ ముట్టుకోకూడదు. ఆమె వెళ్లి ఆ మీట మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తాళం వేసి ఉంది కాబట్టి మీట వెలగలేదు. వేలు తీయబోతే అంటుకుంది. లాగితే సన్నటి తీగ సాగింది.

ఆమె ఆ వేలిని ఇన్‌స్పెక్టర్ ముఖం ముందు పెట్టింది.

“నిన్న చంపినవాడు తడి చేత్తో ఈ మీట నొక్కి పైకి పోయాడు. తాళంచెవులు రెండూ తన జేబులోనే ఉన్నాయని ఆయనే నాకు చెప్పాడు, నేను వేరే దారి వెతక్కూడదని. బిళ్ళ కూడా ఆయన దగ్గరే ఉంటుంది. ఇంజినీరు ఆ కుళ్లు సంగతి కాగితం మీద పెడితే ఆసుపత్రి మూతపడుతుంది.”

ఇన్‌స్పెక్టర్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అతను తప్పు చేసినప్పుడు ఎలా ఉంటాడో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టినా ఇలాగే నిలబడేవాడని వాళ్లన్నయ్య చెబుతుంటాడు.

“ఏం చేశావురా?” అంది.

“పొద్దున ఆయనకు ఫోన్ చేశాను వదినా, నువ్వు సెల్లారు చూడ్డానికి వస్తావని చెప్పడానికి. మాటల్లో ఆ బిళ్ళ సంగతి కూడా చెప్పాను. బిళ్ళని ఆవిడ ఒక్కతే చూసిందట, ఎర్రగా పొడి రాలిందట, కట్టుకథ అని నవ్వుకుంటూ చెప్పాను.”

“తర్వాత?”

“కోర్టులో పెట్టేముందు ముద్దాయికి వైద్య పరీక్ష చేయించాలిగా. సర్కారు ఆసుపత్రిలో గంటలు గంటలు పడుతుందని ఆయనే అన్నారు. ఇక్కడికి పంపించు, నేనే స్వయంగా చూసి కాగితం రాసిస్తాను అన్నారు. పదకొండుంబావుకు పంపించాను.”

కందిరీగ ఇంకేమీ వినలేదు. వాలు దారిలో పరుగెత్తింది. వెనకే అతని బూట్ల చప్పుడు. కాపలావాడు స్టూలు మీంచి లేచి ఏదో అడిగాడు. ఇద్దరూ ఆవరణ దాటి, ముందు తలుపు తోసుకుని, మెట్లెక్కి రెండో అంతస్తుకు చేరారు. మెట్ల మీద ఒక ముసలాయన్ని ఆమె భుజం తగిలింది. క్షమించమని అడిగే తీరిక కూడా లేదు. పైన ఒక రోగి ఎదురుచూస్తోందని డాక్టరు అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది. ఆ రోగి ఎవరో అప్పుడు అడగలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పెద్ద డాక్టరు గది ముందు బెంచీ మీద ఆడ కానిస్టేబుల్ కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. ఇన్‌స్పెక్టర్‌ని చూసి గబుక్కున లేచి సెల్యూట్ కొట్టింది.

“ఆవిడేదీ?” అన్నాడు అతను, రొప్పుతూ.

“లోపలే ఉంది సార్. బీపీ బాగా ఎక్కువుందట. డాక్టర్‌గారు నర్సుని కూడా పంపించేసి, ఇంజెక్షన్ నేనే చేస్తానని తలుపేసుకున్నారు. కాసేపు ఎవర్నీ రానివ్వొద్దన్నారు.”

“ఎంతసేపైంది?”

“పావుగంట అవుతోంది సార్.”

కందిరీగ రెండు చేతులతో తలుపు బాదింది. ఆవిణ్ణి పిలిచింది. లోపలి నుంచి ఆవిడ గొంతు రాలేదు. ఇన్‌స్పెక్టర్ ఆమెను పక్కకు జరిపి తలుపుకు భుజం ఆనించాడు. అంతలో లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. తొందరేమీ లేకుండా ఎవరో చేతులు కడుక్కుంటున్నారు.